వేలు చూపని చోటు

డిసెంబర్ 3, మంగళవారం

ఈ పొద్దున డాక్టరు గొంతు సగం మాట మీద తెగిపోయింది.

నర్సమ్మ ఎస్నత్ అప్పుడే ఆయనకు మా ఎనాలా అక్క సంగతి చెబుతోంది. అక్కకు ఎనిమిదో నెల నిండింది. పాదాలు వాచాయి. రక్తపోటు ఎక్కువ చూపిస్తోంది. "ఎంత ఉంది?" అని ఆయన అడిగాడు. ఆవిడ చెప్పింది. "సరే, సాయంత్రం ఇంకోసారి చూడండి. పెరిగితే మాత్రం వెంటనే..." అన్నాడు. అంతే. వెంటనే ఏం చెయ్యాలో ఆ మాట నది అవతల కొండ మీదే ఉండిపోయింది.

మా లోయలో ఫోను పలకదు. ఈ ఆరోగ్య కేంద్రానికీ ఆ కొండ మీది ఆసుపత్రికీ మధ్య ఉన్నది ఒక్క వైర్‌లెస్ లైనే. ఆగస్టులో బ్లాంటైర్ నగరం నుంచి పెంఫెరో అనే ఇంజినీరు వచ్చి, ఇక్కడో స్తంభం అక్కడో స్తంభం పాతి, ఒక్కో స్తంభానికి ఒక్కో యాంటెనా బిగించి, మందుల అలమర పక్కన చిన్న లినక్స్ కంప్యూటరు పెట్టె పెట్టి వెళ్ళాడు. స్తంభం పట్టుకోవడానికి మనిషి కావాలంటే మా బడి నుంచి నేను వెళ్ళాను. పట్టుకుంటూ అడిగిన ప్రశ్నలకు విసుగెత్తి, చివరికి ఆ పెట్టె తాళం, అంటే పాస్‌వర్డ్, నాకే అప్పజెప్పాడు. ఆ పెట్టెలో సర్వాధికారిని 'రూట్' అంటారు. రాజు అనకుండా వేరు అని పేరు పెట్టిన మనిషెవరో, నాకు చాలా నచ్చాడు.

"ఏమమ్మా ఇంజినీరమ్మా, నీ పెట్టె అలిగిందా?" అంది నర్సమ్మ.

"సాయంత్రానికల్లా చూస్తాను" అన్నాను.

డిసెంబర్ 4, బుధవారం

సాయంత్రానికల్లా కాలేదు.

పెట్టె బతికే ఉంది. యాంటెనా తీగ గట్టిగానే ఉంది. అవతలి నెట్‌వర్క్ పేరు ఒక్కోసారి కనిపించి మాయమవుతోంది. సిగ్నల్ ఎంతో అడిగే కమాండ్ ఒకటుంది. జవాబు ఎప్పుడూ మైనస్‌లోనే వస్తుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. ఆగస్టులో మైనస్ అరవై ఎనిమిది. ఇవాళ మైనస్ తొంభై రెండు. తొంభై దాటితే అది గొంతు కాదు, గాలి.

పెట్టెలోని సెట్టింగుల ఫైలు మొత్తం చెరిపి మళ్ళీ రాశాను. పేరు సరే. పాస్‌వర్డ్ సరే. ఛానెల్ సరే.

రోజంతా వాన.

డిసెంబర్ 5, గురువారం

మళ్ళీ అదే ఫైలు.

డిసెంబర్ 6, శుక్రవారం

దొరికింది!

ఫైలులో దేశం పేరుకు రెండక్షరాలుంటాయి. ఏ ఛానెల్ వాడాలో, ఎంత గట్టిగా మాట్లాడాలో ఒక్కో దేశానికి ఒక్కో కట్టుబాటు. ఆ రెండక్షరాలను బట్టి యంత్రం నడుచుకుంటుంది. మా పెట్టెలో ఉన్నవి మలావీ అక్షరాలు కావు. ఇన్నాళ్ళూ అది ఇంకేదో దేశంలో ఉన్నాననుకుని, వాళ్ళ మర్యాద ప్రకారం గొంతు తగ్గించుకుని మాట్లాడుతోంది! పరాయి ఊళ్ళో చుట్టంలాగా. మార్చి మళ్ళీ మొదలుపెట్టాను. మైనస్ ఎనభై రెండు. డాక్టరు గొంతు వచ్చింది. పొడి గాలి, మంచి ఎండ. నర్సమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుని గిరగిరా తిప్పింది.

డాక్టరు అక్క సంగతి అంతా విన్నాడు. "లైను ఉంటే అక్కడే ఉంచి, పూటపూటా చూసి చెప్పండి. లైను మీద నమ్మకం లేకపోతే ఇవాళే పంపెయ్యండి" అన్నాడు.

కాలు విరిగిన వడ్రంగి కోసం ఆసుపత్రి బండి అప్పటికే వచ్చి గుమ్మంలో ఉంది. నర్సమ్మ నా వైపు చూసింది. "ఎనాలాను కూడా ఎక్కించెయ్యనా? లేకపోతే లైను బాగయినట్టేనా?"

అక్క మంచం మీద నుంచే అరిచింది. "నేను వెళ్ళను. అక్కడి బీన్స్‌లో ఉప్పుండదు. పోయినసారి వెళ్ళిన జెస్సీ పిల్లని కని తెచ్చింది గానీ తను సగమై వచ్చింది."

"నువ్వు సగమైతే మంచమైనా బతికిపోతుంది" అంది నర్సమ్మ. అందరం నవ్వాం.

బాగయినట్టుంది అన్నాను.

బండి వడ్రంగిని ఎక్కించుకుని వెళ్ళింది.

డిసెంబర్ 7, శనివారం

తెల్లవారుజామున మొదలైన వాన ఇంకా తగ్గలేదు. మైనస్ తొంభై నాలుగు. లైను లేదు.

'బాగయినట్టుంది' అన్నాను. 'బాగయింది' అనలేదు. రెండింటికీ చాలా తేడా ఉంది.

డిసెంబర్ 8, ఆదివారం

చర్చి అయ్యాక మ్సిస్కా తాత దగ్గరికి వెళ్ళాను. ప్రతి ఆదివారం వెళ్తాను. ఈయన ఒకప్పుడు ఊళ్ళో శవాలకు గోతులు తవ్వేవాళ్ళకు పెద్ద. ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని దగ్గడమే పని. కానీ మా భాషలో ఎవరూ వాడని మాటలన్నీ ఈయన నోట్లో ఉన్నాయి. నది పొంగే ముందు చప్పుడు మారుతుంది చూడండి, దానికొక మాట. పొంగి తగ్గాక రాళ్ళ మధ్య మిగిలే చప్పుడుకు మరో మాట. ఈ రెండూ ఇవాళే ఇచ్చాడు. ఇంటికొచ్చేదాకా పెదాల మీద తిప్పుకుంటూ వచ్చాను.

పెట్టె సంగతి చెప్పాను.

"నీ పెట్టె నాలాంటిదేనే తెమ్వా" అన్నాడు. "వినపడదు. అయినా తలూపుతుంది."

నది చప్పుడు మారింది. ఇవాళ ఉదయం ఇచ్చిన మాట సాయంత్రానికే అవసరమైంది.

డిసెంబర్ 9, సోమవారం

సైకిలు మీద ఆసుపత్రికి కబురు తీసుకెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి వెనక్కి వచ్చాడు. వంతెన నీళ్ళ కింద ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళే దారి జారిపోయింది.

అక్క రక్తపోటు పెరిగింది. శుక్రవారం ఆ సందట్లో 'వెంటనే' తర్వాత ఏముందో డాక్టరును అడగడం మరిచిపోయాం. ఇలాంటప్పుడు మూర్ఛ రాకుండా ఇచ్చే సూది మందు ఇక్కడుంది. డాక్టరుతో మాట్లాడకుండా ఎంత ఇవ్వాలో తేల్చుకునే ధైర్యం తనకు చాలదని నర్సమ్మ చెప్పింది. తక్కువైతే పనిచెయ్యదు, ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది.

నాకొకటి తట్టింది. ఎండగా ఉన్న పూట సిగ్నల్ కాస్త లేస్తోంది. వాన మొదలవగానే పడిపోతోంది. ఫైలుకు వానేం తెలుసు? శుక్రవారం బాగయింది రెండక్షరాల వల్ల కాదేమో.

స్తంభం ఎక్కాలన్నాను. ఆడపిల్లలు ఎక్కరు. ఎక్కితే చూసినవాళ్ళు ఏదో ఒకటంటారు. అందుకే వారమంతా ఫైలు చుట్టూ తిరిగానని ఎక్కాకగానీ తెలియలేదు. ఆరోగ్య కేంద్రం తోటవాడి ప్యాంటు తొడుక్కుని, దాని మీద చిటెంజె గుడ్డ చుట్టుకున్నాను. కింద నర్సమ్మ కాపలా.

"పడితే మీ అమ్మకి నేనేం చెప్పుకోవాలి? విరిగిన ఎముకకి నా దగ్గర తెల్ల బిళ్ళ తప్ప ఏమీ లేదమ్మా!"

"పడను."

"అందరూ అలాగే అంటారు, పడే ముందు."

ఆగస్టులో పెంఫెరో ఇదే మెట్టు మీద నిలబడి, ఆసుపత్రి తెల్ల రేకులు మెరుస్తున్నాయని కేకేశాడు. ఇవాళ రేకులు లేవు. పచ్చగా, నల్లగా, తడిగా ఒక గోడ. ఆగస్టులో ఆ చెట్లు ఎండు పుల్లలు, మధ్యలోంచి అంతా కనిపించింది. ఇప్పుడు ఆకు వేశాయి. ఈ తరంగాలను నీళ్ళు మింగేస్తాయని పెంఫెరోయే ఒకసారి అన్నాడు. ఒక్కో ఆకులో ఎంత నీరు, ఒక్కో కొమ్మకు ఎన్ని ఆకులు.

అది పోయిన మా పెద్దలు పడుకునే తోపు.

ఆ రోజు పెంఫెరో అడిగాడు కూడా. "మధ్యలో ఏముందక్కడ?" అని. అంతమంది ఉన్నాం. అందరం కాళ్ళ వైపు చూసుకున్నాం. ఎవరో "ఏముంది, చిన్న పొద" అన్నారు. అటు వేలు చూపకూడదు. చూపితే వేలు ఎండిపోతుందని నడక రానప్పటి నుంచి వింటాం. అక్కడ కర్ర ముక్క కూడా ఏరరు. పెంఫెరో బ్లాంటైర్ వైపు దక్షిణాది మనిషి, మేం చెప్పకపోతే ఆయనకేం తెలుస్తుంది? పొద అన్నారు గనక ఏ రోజైనా నరికేసుకుంటారులే అనుకుని ఉంటాడు.

నేనూ అక్కడే ఉన్నాను. స్తంభం పట్టుకుని.

డిసెంబర్ 10, మంగళవారం

వెదురు బొంగు కట్టి యాంటెనాను ఎత్తాం. గాలికి ఊగి ఒక్క క్షణం నిలవలేదు. తోపు మా వైపు గుట్ట శిఖరం పొడుగునా ఉంది, బడి కప్పు మీదికి మార్చినా మధ్యలోకి అదే వస్తుంది.

నర్సమ్మతో కలిసి ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చున్నాం. పొలం సంగతులు, వాన సంగతులు, ఆయన మోకాలి నొప్పి సంగతి అన్నీ అయ్యాక నర్సమ్మ అసలు మాట చెప్పింది. ఆయన మంచివాడు. చివరిదాకా విన్నాడు.

"అమ్మా, అక్కడికి గొడ్డలి వెళ్ళాలంటే ముందు శవం వెళ్ళాలి. మామూలు రోజున కొమ్మ దించితే, రేపు ఏ ఇంట్లో ఏది జరిగినా నా వల్లే అంటారు. మా నాన్న హయాంలో లేదు, వాళ్ళ నాన్న హయాంలో లేదు."

"శవమే కావాలంటే ఇంకో రెండ్రోజులు ఆగండి" అంది నర్సమ్మ. "నేనే పంపిస్తా. కడుపులో బిడ్డతో సహా."

ఊరిపెద్ద భార్య లోపలి నుంచి, "నోరు కడుక్కో నర్సమ్మా" అంది. కోపంగా కాదు, భయంగా.

తిరిగొచ్చే దారిలో ఊళ్ళో జబ్బుగా ఉన్న ముసలివాళ్ళను లెక్కపెట్టాను. కాదు, లెక్కపెట్టలేదు. పేర్లు వాటంతటవే వచ్చాయి. ఒకదాని దగ్గర ఆగాను.

డిసెంబర్ 11, బుధవారం

అక్కకు తలనొప్పి. కళ్ళ ముందు మెరుపులు మెరుస్తున్నాయంటోంది. నర్సమ్మ జోకులు మానేసింది. అమ్మ అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శుక్రవారం నేను 'బాగయినట్టుంది' అన్నానో, 'బాగయింది' అన్నానో. నర్సమ్మను అడిగితే తెలుస్తుంది. అడగలేదు.

మధ్యాహ్నం మ్సిస్కా తాత కర్ర పట్టుకుని తానే వచ్చాడు. ఆయన ఆరోగ్య కేంద్రం దాకా నడవడం నేనెప్పుడూ చూడలేదు. మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు.

"ఏంటే, నన్ను చూసి నిన్నటి నుంచి సందులోంచి తిరిగిపోతున్నావు? నా దగ్గర మాటలైపోయాయనుకున్నావా?"

ఏడుపు వచ్చింది. అంతా చెప్పేశాను. తోపు, ఆకులు, ఊరిపెద్ద. లెక్కపెట్టిన సంగతి కూడా చెప్పాను.

"లెక్కలో నాది ఎన్నో నంబరు?"

"మొదటిది తాతా."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మొదటిదే ఇచ్చావు. పెద్దల మర్యాద తెలిసిన పిల్లవి."

కాసేపటికి లోపలికి తొంగి అక్కను చూశాడు. మెల్లగా లేచి ఊరిపెద్ద ఇంటి వైపు వెళ్ళాడు.

డిసెంబర్ 12, గురువారం

ఊరంతా ఊరిపెద్ద ముంగిట్లోనే ఉంది. తాత తోపులో తన చోటు తెరవమని అడిగాడు.

అలాంటి ఆచారం ఒకటుందని నాకు తెలియదు. గోతులు తవ్వే వంశంలో పెద్దవాడు బతికుండగానే తన చోటు అడగొచ్చట. అడిగితే ఊరు కాదనకూడదట. గొయ్యి తవ్వరు. ఆ చోటు మీద ఎండ పడేలా చుట్టూ కొమ్మలు దించుతారు. అంతే. ఎవరూ అడగరు. చివరిసారి అడిగింది తాతకు తాత. ఆయన ఆ నెల దాటలేదు. తెరిచిన చోటు ఖాళీగా ఉండటానికి ఒప్పుకోదంటారు. అడిగినవాణ్ణి ఆ రోజు నుంచి సగం అక్కడివాడుగా చూస్తారు. అతనితో ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టరు. పంచాయితీలో పక్కన కూర్చోరు.

తాత కోడలు జనం మధ్యలోకి వచ్చి నిలబడింది. "నేను తిండి పెట్టట్లేదనే కదా అనుకుంటారు లోకం! ఎందుకు మామా నాకీ అప్రతిష్ఠ?"

"నువ్వు పెట్టే తిండి తిన్నాకే వచ్చిందమ్మా ఈ ఆలోచన."

నవ్వాలో వద్దో తెలియక జనం నోళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నారు.

"ఏ వైపు కావాలి?" అని ఊరిపెద్ద అడిగాడు. ఆయనకు తెలుసు. అందరికీ తెలుసు.

"తూర్పు అంచున. శిఖరం మీద. అక్కణ్ణుంచి ఆసుపత్రి కనిపిస్తుంది."

"పోయాక ఆసుపత్రితో నీకేం పని?"

"ఉన్నప్పుడు పట్టించుకోలేదు. అప్పుడైనా చూస్తా."

ఊరిపెద్ద గొడ్డలివాళ్ళను పిలిచాడు. "ఎండకు కావలసినంతే దించాలి. ఒక్క కొమ్మ ఎక్కువైనా ఒప్పుకోను" అన్నాడు. ఎంత కావాలో ఎవరు చెబుతారని గొడ్డలివాళ్ళు అడిగారు. ఎవరూ నా వైపు చూడలేదు. పెళ్ళికాని పిల్ల ఆ తోపు దరిదాపుల్లోకి పోకూడదు, దాని గురించి నోరెత్తకూడదు. నర్సమ్మ పైకప్పు వైపు చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది. "రేపు బడి గంట మోగితే, ఇక చాలని అనుకోవచ్చు."

డిసెంబర్ 13, శుక్రవారం

పొద్దున్నే వాన లేదు. పెట్టె ముందు కూర్చుని, సిగ్నల్ అడిగే కమాండ్ దానంతటదే మళ్ళీ మళ్ళీ నడిచేలా రాసి పెట్టాను. తోపు వైపు గోడకు కిటికీ లేదు. మంచిదే అయింది. తాతను ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్ళారు. చోటు ఆయనే కాలితో తొక్కి చూపించాలి.

మైనస్ తొంభై మూడు.

గొడ్డలి చప్పుడు దూరం నుంచి ఆలస్యంగా వస్తుంది. ముందు అంకె కదిలేది, తర్వాత చప్పుడు వినపడేది. తొంభై ఒకటి. తొంభై. చాలాసేపు తొంభై దగ్గరే. కొమ్మ కింద పడినట్టు ఒక పెద్ద శబ్దం, ఎనభై ఆరు. ఎవరి మీద పడిన నీడ తొలగిందో. మా నాన్నమ్మను పడుకోబెట్టింది తూర్పు వైపే. ఆలోచించకుండా అంకె చూశాను. ఎనభై రెండు. పోయిన శుక్రవారం కూడా ఇంతే వచ్చింది, ఇంత సరిపోదని ఇప్పుడు తెలుసు. వాన పడ్డా నిలవాలి. డెబ్బై తొమ్మిది. ఇంకా? ఆపేస్తే చాలదేమో. ఆపకపోతే ఎక్కువేమో. ఒక్క కొమ్మ ఎక్కువైనా అని ఊరిపెద్ద అన్నాడు. పక్కనే బడి గంట దగ్గర నిలబడ్డ నర్సమ్మ గుమ్మంలోంచి నన్నే చూస్తోంది. డెబ్బై ఐదు. చెయ్యి ఎత్తాను.

లారీ చక్రం ఇనుప కట్టు మా బడి గంట. నర్సమ్మ దాన్ని కొట్టిన కొట్టుడుకు బడి తెరిచారనుకుని పిల్లలు పరిగెత్తుకొచ్చారు.

డాక్టరు మొదట తిట్టాడు. "వారం రోజులుగా ఎక్కడికి పోయారు మీరంతా?" నర్సమ్మ ఏం చెబుతుంది? "చెట్లడ్డం వచ్చాయి డాక్టర్" అంది. తర్వాత ఇద్దరూ అంకెల్లో మాట్లాడుకున్నారు. ఆయన చెబుతుంటే ఆవిడ సూదిలోకి మందు ఎక్కించింది. ఆయన లైను వదలకుండా అక్క ఊపిరి వింటూనే ఉన్నాడు. మధ్యలో చినుకులు పడ్డాయి. అంకె రెండు మెట్లు దిగింది. గొంతు తెగలేదు.

సాయంత్రానికి అక్క కళ్ళ ముందు మెరుపులు పోయాయి. ఆకలన్నది. ఉప్పు బాగా వెయ్యమంది.

వాన తగ్గితే రేపు తెల్లారేసరికి ఆసుపత్రి బండి నది అవతలి ఒడ్డున ఉంటుంది. మగవాళ్ళు ఆరుగురు అక్కను మంచంతో సహా రేవు దాటిస్తారు. ఆసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డను తీస్తారట. ఇంకా భయం పోలేదని డాక్టరు చెప్పాడు. నది ఇంకా పూర్తిగా దిగలేదు.

"లైను నిలుస్తుందా?" అని నర్సమ్మ అడిగింది.

"ఇప్పుడుంది. పెద్ద వాన పడితే ఏమవుతుందో తెలియదు" అన్నాను.

ఆవిడ తలూపింది. పోయిన శుక్రవారం గురించి ఏమీ అనలేదు. నేను 'బాగయింది' అన్నాను ఆ రోజు.

అక్కకు తోడు ఒక్కరినే రానిస్తారు. వండి పెట్టడానికి. నేను వెళ్తానని వారం క్రితం నుంచి అనుకుంటూ ఉన్నాను. అక్కడ పెంఫెరో పెట్టిన పెద్ద యంత్రాలున్నాయి, ఒక గది నిండా పుస్తకాలున్నాయట. అమ్మను వెళ్ళమన్నాను.

వచ్చే దారిలో తాత ఇంటి ముందు నుంచి వచ్చాను. గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎప్పుడూ ఆయన చుట్టూ నలుగురు ముసలివాళ్ళు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని మొక్కజొన్న న్సీమా ముద్దలు చేసుకుంటూ తగువులాడుకుంటారు. ఇవాళ ఆ నలుగురూ పక్కింటి అరుగు మీద ఉన్నారు. కోడలు చిన్న పళ్ళెం గడప దగ్గర పెట్టి, మొహం చూడకుండా లోపలికి వెళ్ళింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"తిను తాతా."

"ఒక్కణ్ణే తినడం నేర్చుకోలేదే. ఈ వయసులో నేర్పేవాళ్ళెవరు?"

నవ్వుతూనే అన్నాడు. దగ్గు మాత్రం రాలేదు, అంత చిన్న నవ్వు.

రేపు అందరికంటే ముందు లేస్తాను. అక్క మంచం మోసేవాళ్ళు, వెనక ఊరు ఊరంతా, తాత ఇంటి ముందు నుంచే రేవుకు పోవాలి, ఇంకో దారి లేదు. వాళ్ళు బయలుదేరే వేళకు మొక్కజొన్న గంజి కాచి, ఒక్కటే పళ్ళెం పట్టుకెళ్ళి, దారికి ఎదురుగా తాత పక్కన కూర్చుంటాను. ముందు ఆయన్ని చెయ్యి పెట్టమంటాను. తర్వాత నేను పెడతాను. మెల్లగా తింటాం, చివరి మనిషి దాటి వెళ్ళేదాకా.